మానై వంగునా? ఆవిరి పడితే వంగుతుంది

'మొక్కై వంగనిది మానై వంగునా' అని పిల్లల్ని బెదిరించని ఇల్లు కృష్ణా జిల్లాలో ఉండదు. ఆ సామెత పుట్టించినవాడు ఎవరైనా కావచ్చు గానీ, వడ్రంగి మాత్రం అయి ఉండడు. పడవలు కట్టే వడ్రంగి అసలే కాడు. మానై, గొడ్డలికి పడి, కోత మిల్లులో పలకలుగా చీలి, అడితిలో నెలల తరబడి ఆరిన కర్ర కూడా వంగుతుందని వాళ్లకు తెలుసు. దానికి కావలసింది వేడి, తడి, కాస్త ఓపిక. ఆ తర్వాత అరనిమిషం పాటు తడబడని చేతులు.

బందరు పక్కన గిలకలదిండి రేవులో ఏ చెక్క పడవ పక్కనైనా నిలబడి దాని ఒళ్లు చూడండి. నడుము దగ్గర దాదాపు తిన్నగా ఉన్న పలక అణియం దగ్గరికి, అంటే పడవ ముక్కు దగ్గరికి వచ్చేసరికి లోపలికి వంగుతుంది, పైకి లేస్తుంది, ఆ లేవడంలోనే కొంచెం మెలి తిరుగుతుంది. మూడూ ఒకే పలకలో. అలా పెరిగే చెట్టు లేదు. మందమైన దూలంలోంచి ఆ వంపును రంపంతో కోసి తీయవచ్చు గానీ, అలా కోస్తే నార అడ్డంగా తెగుతుంది. నార తెగినచోటే రేపు పలక విరుగుతుంది. పైగా సగం కలప పొట్టుపాలు. నార కొస నుంచి కొస దాకా తెగకుండా వంపు రావాలంటే పలకను వంచాల్సిందే.

పెరట్లో, మామూలు సరుకుతో, ఒక ఆవిరి పెట్టె కట్టుకుని ఆ పని ఎవరైనా చేయవచ్చు. పెట్టె కట్టడం తేలిక. కర్ర దేనికి ఒప్పుకుంటుందో, దేనికి ఒప్పుకోదో తెలుసుకోవడంలోనే పనితనమంతా ఉంది. ఆ సంగతి ఈ తీరానికి కొత్తదేమీ కాదు.

కుట్టిన పడవల తీరం

బందరు నుంచి దివిసీమకు వెళ్లే దారికి దగ్గర్లోనే ఘంటసాల ఉంది. రెండో శతాబ్దపు గ్రీకు భూగోళ రచయిత టాలమీ పేర్కొన్న 'కొంటకోస్సిల' ఈ ఊరేనని చరిత్రకారులు గుర్తించారు. ఇక్కడ దొరికిన ఒక ప్రాకృత శాసనంలో 'మహానావికుడు' కనిపిస్తాడు. ఆ కాలపు శాతవాహన నాణేల మీద రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మ ఉంటుంది. అంటే మన పొలాల కింద ఉన్న ఒండ్రు మట్టి ఒకప్పుడు ఓడవాళ్ల అడ్రసు.

ఇంకా దగ్గరికి వద్దాం. 1611లో ఇంగ్లిష్ ఈస్టిండియా కంపెనీ ఓడ 'గ్లోబ్' బందరు చేరింది. డచ్చివాళ్లు అంతకు ముందే వచ్చి కూర్చున్నారు. వీళ్లందరికీ ఒకటే తలనొప్పి: బందరు దగ్గర సముద్రం లోతు తక్కువ, పెద్ద ఓడ ఒడ్డుకు రాలేదు. మైళ్ల దూరంలో లంగరు వేసి, బట్టల మూటల్నీ మనుషుల్నీ చిన్న పడవల మీద అలల్లోంచి దాటించాలి. ఆ పని చేసిన పడవలే తెల్లవాళ్ల రాతల్లో 'మసులా' పడవలుగా స్థిరపడ్డాయి. కోరమండల్ తీరమంతా, ముఖ్యంగా చెన్నపట్నంలో, రేవు గోడలు కట్టేదాకా వాటిదే రాజ్యం.

ఆ పడవకు మేకులు ఉండవు. పలకల అంచుల వెంట కన్నాలు పెట్టి కొబ్బరి పీచు తాడుతో కుడతారు. సందులోకి నీరు రాకుండా కుట్టు కింద గడ్డి వరస కూరుతారు. విరిగిపడే అలల్లో పడవ ఎగిరి ఇసుక మీద పడినప్పుడు మేకులతో బిగించిన ఒళ్లు పగులుతుంది. కుట్టిన ఒళ్లు నలిగి, కాస్త సాగి, మళ్లీ సర్దుకుంటుంది. మద్రాసు మత్స్యశాఖ డైరెక్టరుగా పనిచేసిన జేమ్స్ హోర్నెల్ 1920లో భారతీయ పడవల మీద అచ్చు వేసిన పెద్ద అధ్యయనంలో వీటి వివరం రాశాడు. నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచిన సంగతి వేరే ఉంది. ఈ పడవ లోపల పక్కటెముకల్లా పట్టి ఉంచే దూలాలు లేవు. ఎముకలు ఉన్న పడవలో పలకను బలవంతంగా లాగి దూలానికి బిగించవచ్చు. ఎముకలు లేనిచోట ఆకారం పలకలోనే ఉండాలి. అంటే పలకను ముందే వంచి, వంపు నిలిచేలా చేసి, ఆ తర్వాతే కుట్టాలి.

పెట్టెలు లేని రోజుల్లో మన తీరాల్లో పలకను నిప్పు మీదే వంచారు. పలకను దిమ్మల మీద పెట్టి, కింద సన్నని మంట, పైన తడి. చెక్క మాడకుండా నీళ్లు చిలకరిస్తూ, కొసలకు బరువులు వేలాడదీసి, గంటల తరబడి కొంచెం కొంచెంగా దించడం. పలకలోని తడే వేడెక్కి లోపల ఆవిరి పని చేస్తుంది. మేదరులు వెదురు బద్దను మంట మీద ఆడిస్తూ వంచేదీ, గూడు బండికి కమానులు తిప్పేదీ ఇదే సూత్రంతో. మంటతో చిక్కేమిటంటే అది ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ తగులుతుంది. పదేళ్ల అనుభవం ఉన్న చెయ్యి లేకపోతే పలక ఒకవైపు బొగ్గు, మరోవైపు పచ్చి.

ఇంకో సంగతి. ఈ డెల్టాలో సముద్రపు ఒడ్డున మడ అడవి తప్ప కలప అడవి లేదు. టేకు గోదావరి మీద తెప్పలుగానో, బర్మా నుంచి ఓడల్లోనో రావాలి. గోదావరి పాయ మీద నరసాపురం, మాధవాయపాలెంలలో ఓడలు కట్టే పని పదిహేడో శతాబ్దంలో ఎంత జోరుగా సాగిందో 1669-79 మధ్య ఇటు తిరిగిన థామస్ బౌరీ రాసిపెట్టాడు. దూరం నుంచి డబ్బు పోసి తెచ్చుకున్న దూలాన్ని వంపు కోసం సగం చెక్కి పారేసే స్తోమత ఎవరికుంటుంది? ఆ ఓడల పక్కటెముకలకు సహజంగా వంకర తిరిగిన తుమ్మ కొమ్మలు వెతికేవాళ్లు. పలకను మాత్రం వంచేవాళ్లు.

ఇదంతా పాత కథ అనుకోకండి. 2023 సెప్టెంబరు 12న గోవాలో ఒక ఓడకు అడుగు దూలం వేశారు. అజంతా గుహల్లోని అయిదో శతాబ్దపు ఓడ బొమ్మ దానికి నమూనా. కేరళ పనివాళ్లు పలకల్ని ఆవిరితో మెత్తబరిచి వంచి, కొబ్బరి తాడుతో కుట్టి, గుగ్గిలం లాంటి జిగురుతో, చేప నూనెతో సందులు పూడ్చారు. 2025 మే 21న కార్వార్‌లో నౌకాదళం దాన్ని 'కౌండిన్య' పేరుతో చేర్చుకుంది. ఆ డిసెంబరు చివర్లో పోర్‌బందర్ నుంచి తెరచాపతో బయల్దేరి మస్కట్ చేరింది. మసులా పడవ పుట్టిన తీరంలో మాత్రం ఇప్పుడు ఫైబర్ పడవలదే పైచేయి. తేలిక, సందులు పూడ్చే కలపాతి పని లేదు, పురుగు పట్టదు. జాలరిని తప్పుపట్టడానికి లేదు. కానీ పలక వంచే చెయ్యికి పని తగ్గితే ఆ విద్య మాత్రం ఎన్నాళ్లుంటుంది?

కర్ర లోపల ఏం జరుగుతుంది?

చెక్క అంటే సన్నని గొట్టాల్లాంటి నారల కట్ట. ఆ నారల్ని ఒకదానికొకటి అంటించి ఉంచే సహజమైన జిగురు పేరు లిగ్నిన్. చల్లగా, పొడిగా ఉన్నప్పుడు అది గట్టి. తడిగా ఉన్న చెక్కను నూరు డిగ్రీల దగ్గరికి వేడి చేస్తే అది మెత్తబడుతుంది, నారలు ఒకదాని పక్కనుంచి ఒకటి జారగలుగుతాయి. చల్లారితే మళ్లీ గట్టిపడి, నారలు ఎక్కడున్నాయో అక్కడే అతుక్కుంటాయి. ఇంతే రహస్యం.

అసలు పాఠం దీని తర్వాత. ఆవిరి పట్టిన చెక్క నొక్కితే ఒప్పుకుంటుంది, లాగితే ఒప్పుకోదు. మంచి జాతి కర్రను నిలువునా నొక్కితే తన పొడవులో పాతిక శాతం దాకా కుంచించుకోగలదు. అదే కర్రను సాగదీస్తే ఒకటి, మహా అయితే రెండు శాతం. ఆ పైన పేడు లేచి టప్పున పగులుతుంది.

లెక్క చూడండి. అంగుళం మందం పలకను అడుగు వ్యాసార్ధంతో అర్ధచంద్రాకారంగా వంచుతున్నారు. లోపలి అంచు పొడవు దాదాపు 37.7 అంగుళాలు, బయటి అంచు 40.8. మూడంగుళాల తేడా, అంటే ఎనిమిది శాతం. పలకను ఊరికే పట్టుకుని వంచితే ఈ తేడాను రెండు అంచులూ పంచుకుంటాయి: లోపల నాలుగు శాతం నొక్కుడు, బయట నాలుగు శాతం సాగుడు. నొక్కుడుకు కర్ర నవ్వుతుంది, సాగుడుకు విరుగుతుంది. కాబట్టి బయటి అంచును సాగనివ్వకుండా కట్టేయాలి, మొత్తం తేడాను లోపలివైపుకే తోసేయాలి.

ఎలా? పలక బయటి వైపున ఒక ఇనుప పట్టీ పరిచి, రెండు కొసల్లోనూ దిమ్మలు బిగించి, పలక ఆ దిమ్మల మధ్య ఇరుక్కునేలా చేస్తే సరి. వంచుతున్నప్పుడు సాగాలని చూసే బయటి అంచును ఇనుము పట్టి ఆపుతుంది. ఈ కిటుకుతో లోకాన్ని కూర్చోబెట్టినవాడు మైఖేల్ థోనెట్. జర్మనీలోని బొప్పార్డ్ ఊరి వడ్రంగి, 1842లో వియన్నాకు మకాం మార్చాడు. బీచ్ కర్రకు ఆవిరి పట్టించి, ఇనుప పట్టీ కట్టి వంచి 1859లో తెచ్చిన 14వ నంబరు కుర్చీకి ఆరు చెక్క ముక్కలు, పది మరలు, రెండు నట్లు చాలు. విడదీస్తే ఘన మీటరు పెట్టెలో 36 కుర్చీలు పట్టేవి. 1930 నాటికి అయిదు కోట్లు అమ్ముడయ్యాయని లెక్క. ముంబై ఇరానీ హోటళ్లలో ఈనాటికీ కనిపించే వంపు వెన్ను కుర్చీలు ఆ వంశమే.

థోనెట్ కుర్చీ చూడనివాళ్లు ఎడ్లబండి చక్రం చూసి ఉంటారు. గుడివాడకు ధాన్యం బళ్ల మీద వచ్చిన కాలంలో ప్రతి పెద్ద ఊళ్లోనూ చక్రానికి పట్టా ఎక్కించే కొలిమి ఉండేది. ఇనుప పట్టాను పిడకల మంటలో ఎర్రగా కాల్చి, వ్యాకోచించినప్పుడు చక్రం మీద వేసి, నీళ్లు పోస్తే అది ముడుచుకుని చెక్కనంతా లోపలికి బిగిస్తుంది. అక్కడా బయట ఇనుము, లోపల నొక్కుడులో ఉన్న కర్ర. ఆ కొలిమి దగ్గర నిలబడ్డవాడికి థోనెట్ పట్టీ గురించి పాఠం చెప్పక్కర్లేదు.

పెట్టె కట్టుకుందాం

ఇడ్లీ పాత్రను అయిదడుగుల పొడవున అడ్డంగా పడుకోబెడితే అదే ఆవిరి పెట్టె. కింద మరిగే నీరు, మధ్యలో సరుకు తడవకుండా ఆసరా, పైన ఆవిరి పోయే కన్నం.

గుడివాడలోనో బందరులోనో ప్లైవుడ్ దుకాణానికి వెళితే ముందు అడగాల్సింది మందం కాదు, రకం. మామూలు రకం ఆవిరికి పొరలు పొరలుగా విచ్చుకుంటుంది. షీటు మీద 'ఐఎస్ 710' ముద్ర ఉన్న మెరైన్ ప్లై తీసుకోండి. దాని పరీక్షలోనే 72 గంటలు నీళ్లలో మరిగించడం ఉంది. ఎనిమిదంగుళాల చదరం, అయిదడుగుల పొడవు ఉన్న పెట్టె మొదటిసారికి చాలు. తెల్ల జిగురుతో అతికించకండి, ఆ వేడికి కరిగి జారుతుంది. ఇత్తడి లేదా స్టీలు మరలే వాడండి. మామూలు ఇనుప మేకులు వద్దనడానికి కారణం తుప్పు ఒక్కటే కాదు. తుమ్మలాంటి చెక్కలోని వగరు, ఇనుము, తడి కలిస్తే సిరాలాంటి నల్లమచ్చ పడుతుంది. ఎంత చిత్రిక పట్టినా పోదు. వంచేటప్పుడు ఇనుప పట్టీకీ చెక్కకూ మధ్య పలచని అల్యూమినియం రేకో ప్లాస్టిక్ కాగితమో వేసేది కూడా అందుకే.

ప్లంబింగ్ పీవీసీ గొట్టాన్ని పెట్టెగా వాడదామన్న ఆలోచన అందరికీ వస్తుంది. రానివ్వండి, వదిలేయండి. ఎనభై డిగ్రీల లోపే అది మెత్తబడి నడుం వంచేస్తుంది.

పెట్టె లోపల అడ్డంగా జానెడుకొకటి చొప్పున వెదురు పుల్లలు గుచ్చండి. చెక్క వాటి మీద ఆనితే ఆవిరి నాలుగు వైపులా తిరుగుతుంది. పెట్టెను ఒకవైపుకు కొంచెం వాల్చి, పల్లంలో చిన్న కన్నం పెట్టండి. చల్లారిన ఆవిరి నీరై అక్కడినుంచి కారిపోవాలి. తలుపు గట్టిగా బిగించకండి. ఇది చాలా ముఖ్యం: లోపల ఒత్తిడి పుట్టకూడదు. గోనెపట్టా ఒకటి తెరలా వేలాడదీసినా చాలు. ఆవిరి పోయే దారి మూసిన పెట్టె బాంబే. నీళ్లు మరిగించి పెట్టెలోకి ఆవిరి పంపడానికి కుక్కర్‌ను వాడేవాళ్లు విజిల్ తీసేయడంతో సరిపెట్టుకోకూడదు. ఆ సన్నని గొట్టం ఏ మెతుకుతోనో పూడుకుంటే? వెడల్పు మూతి గొట్టం ఉన్న స్టీలు పాత్రే మేలు. పాత పెయింటు డబ్బాల జోలికి వెళ్లకండి.

నీరు ఎంత కావాలి? ఇంట్లో గ్యాసు పొయ్యి పెద్ద బర్నరు గంటకు లీటరున్నర నుంచి రెండు లీటర్ల నీటిని ఆవిరి చేస్తుంది. లీటరు నీరు 1,600 లీటర్లకు పైగా ఆవిరవుతుంది, మన పెట్టెలో పట్టేది అరవై లీటర్ల చిల్లర. కాబట్టి నిండడం సమస్య కాదు, చల్లారకుండా ఉండటమే సమస్య. పెట్టె చుట్టూ గోనెసంచులు కప్పండి. ఇంకా బాగా కావాలంటే పెట్టెకు బయట ఇంకో పెట్టె కట్టి మధ్యలో ఊక నింపండి. మన జిల్లాలో ఊకకు కొదవా? గ్యాసు దండగ అనుకునేవాళ్లకు పొట్టు పొయ్యి ఉంది. రంపపు పొట్టో ఊకో దట్టించి వెలిగిస్తే గంటల తరబడి ఒకే తీరున మండుతుంది. కోత మిల్లు పక్కనున్నవాళ్లకు వంటచెరకు ఖర్చే లేదు.

వేడిగాలి కాకుండా ఆవిరే ఎందుకని అడిగాడొక కుర్రాడు. మంచి ప్రశ్న. కుండ నీళ్లను మరిగే దాకా కాచడానికి పట్టే వేడికి ఏడెనిమిది రెట్లు, ఆ మరిగే నీళ్లను ఆవిరి చేయడానికి పడుతుంది. ఆ ఆవిరి చల్లని చెక్క తగిలి నీరైనప్పుడు ఆ వేడినంతా చెక్కకు ఇచ్చేస్తుంది. వేడిగాలి దగ్గర ఇవ్వడానికి అంత లేదు. పైగా ఉన్న తడిని అది లాక్కుపోతుంది.

కర్ర ఎంపికలో పిసినారితనం పనికిరాదు. నార కొస నుంచి కొస దాకా తిన్నగా సాగాలి. గోలీ అంత కణుపు ఉన్నా విరిగేది అక్కడే. అడ్డంగా వాలిన నార ఉంటే వంపులో పేడు లేస్తుంది. టేకు మధ్యస్తంగా వంగుతుంది. మల్బరీ బాగా వంగుతుంది, ఉత్తరాదిన హాకీ కర్రల కొక్కేలు తిప్పేది దానితోనే. విదేశీ పైను లాంటి మెత్తకర్రలు, చూడటానికి లొంగేలా ఉన్నా, మొండివి. తడి ఇరవై, పాతిక శాతం ఉంటే వంపుకు శ్రేష్ఠం. బట్టీలో ఆరబెట్టిన కలప కంటే గాలికి ఆరిన కలప మేలు. సముద్రపు గాలి సోకే బందరులో నీడన పెట్టిన చెక్క హైదరాబాదు చెక్కంత ఎండదు, ఈ ఒక్క పనికి అది మనకు కలిసొచ్చే సంగతి. మరీ ఎండిన బద్దను చెరువులో రాయి కట్టి నానేయండి. పురుగు పట్టకుండా వెదురును చెరువులో ఊరేసే అలవాటు ఉన్నవాళ్లమే కదా.

అరనిమిషం

మందం అంగుళానికి గంట ఆవిరి. అరంగుళం బద్దకు అరగంట. ఆ గంట మొదలయ్యేది పొయ్యి వెలిగించినప్పటి నుంచి కాదు.

"ఏరా, అవతలి కన్నంలోంచి ఆవిరొచ్చిందా?"

"ఇందాకే వచ్చింది బాబాయ్."

"ఇందాకంటే ఎప్పుడు? గడియారం చూశావా లేదా?"

ఇలాంటి మాటలే ఆ వేళ వినపడాలి. పెట్టె రెండో కొస నుంచి ఆవిరి తెరలు తెరలుగా రావడం మొదలైనప్పుడే లెక్క మొదలు. ఇంకో గంట ఉంచితే ఇంకా మెత్తబడుతుందని ఆశ పడొద్దు. ఎక్కువసేపు ఉడికిన చెక్క పెళుసవుతుంది.

వంచే అచ్చు, బిగించే క్లాంపులు, పట్టీ, దిమ్మలు అన్నీ ముందే సిద్ధంగా, చేతికందే వరసలో ఉండాలి. చల్లటి చెక్కతో ఒకసారి ఉత్తుత్తిగా ఆ కదలికలన్నీ చేసి చూసుకోండి. ఇద్దరు మనుషులు, మందపాటి చేతి తొడుగులు. తలుపు తెరిచేటప్పుడు మొహం పక్కకు. ఆవిరి కాలుడు మరిగే నీళ్ల కాలుడు కంటే ఘోరం. చెక్క బయటికి వచ్చాక అరనిమిషం, మహా అయితే నిమిషం లోపు వంపు పూర్తి కావాలి. అచ్చు మధ్యలో మొదట బిగించి, రెండు కొసలనూ ఒకే ఊపులో, ఆగకుండా, కుదపకుండా తేవాలి. మధ్యలో ఆగి ఆలోచిస్తే లిగ్నిన్ ఆలోచించదు, గట్టిపడుతుంది.

తేడా వస్తే చెక్కే చెబుతుంది. బయటి అంచున పేడు లేస్తే పట్టీ వదులుగా ఉంది, లేదా నార వాలుగా ఉంది. లోపలి అంచున ముడుతలు పడితే నొక్కుడు హద్దు దాటింది, దిమ్మను ఒక నూలు వదులు చేయాలి. ఎంత బాగా వంగినా బిగింపు తీశాక కాస్త వెనక్కి వస్తుంది. అందుకే అచ్చును కావలసిన వంపు కంటే కొంచెం ఎక్కువ వంపుతో కోసుకోవాలి. ఎంత ఎక్కువో ఆ జాతి కర్రతో ఒక ముక్క వంచి చూసుకుంటేనే తెలుస్తుంది.

మొదటి పని చిన్నది పెట్టుకోండి. ఎదురుమొండి వైపు నాటు పడవలకు అంచు బద్ద మార్చాలనుకునేవాళ్లు అరంగుళం బద్దతో మొదలుపెట్టవచ్చు. పడవ లేనివాళ్లకు కుర్చీ వీపు, గూడు కమాను, చేతికర్ర పిడి ఉన్నాయి. మందం ఎక్కువ కావాలనిపిస్తే ఒకే దుంగను వంచేకంటే రెండు పలచని బద్దలను విడిగా వంచి, ఆరాక అతికించడం సులువు.

అచ్చు మీద నుంచి ఎప్పుడు తీయాలన్నది నెలను బట్టి ఉంటుంది. చల్లారగానే ఆకారం వచ్చినట్టు కనిపిస్తుంది గానీ, లోపలి తడి పోయేదాకా అది నిలవదు. పొడి రోజుల్లో ఒకటి రెండు రోజులు అచ్చు మీద ఉంచితే చాలు. శ్రావణ భాద్రపదాల్లో డెల్టా గాలే తడిబట్టలా ఉంటుంది కాబట్టి, అచ్చు తీశాక కూడా రెండు కొసలకు అడ్డంగా ఒక బద్ద కొట్టి, పంకా గాలి తగిలేచోట వారం పది రోజులు వదిలేయాలి. రోహిణి కార్తెలో భయం వేరు: కొసలు ముందే ఎండి చీలతాయి. ఆ రోజుల్లో కొసలకు మైనమో పెయింటో పూసి, ఎండ సోకని వసారాలో పెట్టి, చీలిక రాలేదని రోజూ ఒకసారి చూసుకుంటే సరిపోతుంది.